వయొలెట్టాకు మన చర్చిలో చోటుందా?

రోమ్ నగరంలో వియా నాత్సియొనాలె అనే రద్దీ వీధి పక్కన, ఎర్ర ఇటుక, తెల్లరాయి వరుసలుగా పేర్చి కట్టిన చర్చి ఒకటుంది. ఆదివారం అక్కడ ఆరాధన జరుగుతుంది. గత కొన్నేళ్లుగా కొన్ని సాయంత్రాల్లో అదే చర్చిలో, అదే ఆల్టర్ ముందు, ఇటలీ దేశపు సుప్రసిద్ధ ఒపేరా 'లా ట్రావియాటా'ను ప్రదర్శిస్తున్నారు. ఒపేరా అంటే సంభాషణలన్నీ పాటలుగానే నడిచే నాటకం. పెద్ద నాటకశాలల్లో దానికి వందమందికి పైగా గాయకులు, వాద్యకారులు, రంగురంగుల తెరలు ఉంటాయి. ఈ చర్చిలో అవేమీ ఉండవు. చిన్న వాద్యబృందం, కొద్దిమంది గాయకులు, ఎదురుగా బల్లలపై కూర్చున్న జనం. ముందు వరుసలో ఉన్నవారికి గాయని ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించేంత దగ్గరగా కథ నడుస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ కథ ఎవరిదో తెలిస్తే మనలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. అది పారిస్ నగరంలోని ఒక వేశ్య కథ. ఆమె విందులతో మొదలై, ఆమె మరణంతో ముగుస్తుంది. దేవుని మందిరంలో, వాక్యం ప్రకటించే చోట, ప్రభువు బల్ల ఆచరించే చోట వేశ్య కథ పాడతారా? ఈ ప్రశ్న అడిగేవారిని చాదస్తులని కొట్టిపారేయలేం. మందిరంపై భక్తి ఉన్నవారే ఆ ప్రశ్న అడుగుతారు. అందుకే దానికి తొందరపడి జవాబు చెప్పకుండా, ముందు ఆ చర్చి సంగతి, ఆ తర్వాత ఆ కథ సంగతి తెలుసుకుందాం.

ఆ చర్చి పేరు సెయింట్ పాల్స్ వితిన్ ద వాల్స్. అంటే 'ప్రాకారం లోపలి పౌలు చర్చి'. రోమ్‌లో 'ప్రాకారం వెలుపలి పౌలు' పేరుతో చాలా ప్రాచీనమైన కేథలిక్ దేవాలయం ఉంది. ప్రొటెస్టెంట్లు తమ చర్చికి 'లోపలి' అని పేరు పెట్టుకోవడం వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1870 వరకూ రోమ్ పోపుల పాలనలో ఉండేది. ప్రొటెస్టెంట్ విశ్వాసులు నగర ప్రాకారం లోపల చర్చి కట్టుకోవడానికి వీల్లేదు. ద్వారం బయటే ఆరాధించుకోవాలి. 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం రోమ్‌లోకి ప్రవేశించాక ఆ నిషేధం పోయింది. అమెరికాకు చెందిన ఎపిస్కోపల్ సంఘం వారు 1873లో పునాదిరాయి వేసి, ఇంగ్లాండు వాస్తుశిల్పి జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ రూపకల్పనలో ఈ చర్చి కట్టారు. 1876లో ప్రతిష్ఠించారు. రోమ్ ప్రాకారం లోపల కట్టిన మొదటి ప్రొటెస్టెంట్ చర్చి ఇదే. అంటే, 'నీకు లోపల చోటు లేదు' అనే మాట విని విని, చివరికి లోపల చోటు దొరికించుకున్నవారి చర్చి అది. ఈ సంగతి గుర్తుపెట్టుకుందాం. మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ఇక ఆ ఒపేరా. సంగీతం సమకూర్చినవాడు జుసెప్పె వెర్డి. గేయాలు, సంభాషణలు రాసినవాడు ఫ్రాంచెస్కో మరియా పియావె. 1853 మార్చి 6న వెనిస్‌లోని లా ఫెనీచె నాటకశాలలో మొదటిసారి ప్రదర్శించారు. ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా కుమారుడు 1848లో రాసిన నవల, దాన్నుంచి ఆయనే తయారుచేసిన నాటకం దీనికి ఆధారం. ఆ నవల వెనుక నిజంగా బతికిన ఒక యువతి ఉంది. ఆమె పేరు మారీ డ్యూప్లెసిస్. 1847లో, 23 ఏళ్లకే, క్షయవ్యాధితో చనిపోయింది. ఆమెకు ఒపేరాలో పెట్టిన పేరు వయొలెట్టా.

కథ క్లుప్తంగా ఇది. ధనికుల డబ్బుతో బతికే వయొలెట్టాను అల్ఫ్రెడో అనే యువకుడు మనస్ఫూర్తిగా ప్రేమిస్తాడు. ఆమె పాత జీవితం వదిలేసి అతనితో పల్లెకు వెళ్లిపోతుంది. తన వస్తువులమ్మి ఇల్లు నడుపుతుంది. ఒకరోజు అల్ఫ్రెడో తండ్రి జెర్మోంట్ వస్తాడు. ఆయన దుర్మార్గుడు కాడు, పరువుగల కుటుంబీకుడు. తన కూతురికి పెళ్లి కుదిరిందని, కొడుకు ఇలాంటి స్త్రీతో ఉంటే ఆ సంబంధం తప్పిపోతుందని, కాబట్టి తన కొడుకును విడిచిపెట్టమని వేడుకుంటాడు. దేవుడు క్షమించినా మనుషులు మాత్రం తనను క్షమించరని వయొలెట్టాకు అప్పుడు అర్థమవుతుంది. ఏడుస్తూనే ఒప్పుకుంటుంది. తనను ఒక్కసారి కూతురిలా దగ్గరకు తీసుకోమని ఆ పెద్దమనిషిని అడుగుతుంది. ఆ తర్వాత, నిజం చెప్పకుండా, అల్ఫ్రెడో తనను ద్వేషించేలా చేసి వెళ్లిపోతుంది.

చివరి అంకంలో ఆమె మంచం మీద ఉంటుంది. బయట వీధిలో పండుగ సందడి, పాటలు. లోపల దగ్గు, నిశ్శబ్దం. విందులకు వచ్చినవారిలో ఒక్కరూ లేరు. పనిమనిషి ఉంది, డాక్టరు వస్తాడు. ముందురోజు సాయంత్రం ఒక దైవసేవకుడు వచ్చి ఆదరించి వెళ్లాడని, శరీరం బాధపడుతున్నా ఆత్మకు నెమ్మది ఉందని ఆమె చెబుతుంది. పెట్టెలో ఇరవై నాణేలే మిగిలాయని తెలిసి, వాటిలో పది పేదలకిచ్చి రమ్మంటుంది. సువార్తలో కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలు మనకు గుర్తుకు రాకమానదు (మార్కు 12:41-44). ఆ తర్వాత, దారితప్పిన తనను కరుణించి చేర్చుకోమని దేవుణ్ని వేడుకుంటుంది. 'ట్రావియాటా' అనే మాటకు అర్థమే 'దారితప్పిన స్త్రీ'. తప్పిపోయిన గొర్రె కథ (లూకా 15) చిన్నప్పుడు సండేస్కూల్లో విన్న మనకు, ఈ పేరు ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

చిట్టచివర అల్ఫ్రెడో పరుగెత్తుకొస్తాడు. అతని వెనుక జెర్మోంట్ కూడా వస్తాడు, ఆమెను కూతురిగా గుండెకు హత్తుకోవడానికి. అయ్యో, ఆలస్యమైపోయిందంటుంది వయొలెట్టా. కాసేపటికి ప్రాణం విడుస్తుంది.

వేశ్య పాత్రలో మనసున్న మనిషిని చూపించడం తెలుగువారికి కొత్తేమీ కాదు. గురజాడ వారి 'కన్యాశుల్కం' లోని మధురవాణిని మనం ఎరుగుదుం. కానీ నాటకశాల వేరు, చర్చి వేరు కదా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

సుమారు మూడు శతాబ్దాల క్రితం ఇదే ప్రశ్న తలకిందులుగా వచ్చింది. క్రిస్మస్, ఈస్టర్ దినాల్లో మన క్వయర్లు ఎంతో ఇష్టంగా పాడే హల్లెలూయా కోరస్ హాండెల్ రచించిన 'మెస్సయ' లోనిది. అది మొదట వినిపించింది చర్చిలో కాదు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లోని ఒక సంగీతశాలలో వినిపించింది. మరుసటి ఏడాది లండన్ నాటకశాలలో పాడబోతుంటే, లేఖన వాక్యాలను నటీనటులు పాడే చోట పాడవచ్చా అని పత్రికలో ఒక విశ్వాసి అభ్యంతరం రాశాడు. అప్పటి ప్రశ్న, పరిశుద్ధమైనది నాటకశాలకు వెళ్లవచ్చా అని. ఇప్పటి ప్రశ్న, నాటకం పరిశుద్ధ స్థలానికి రావచ్చా అని.

డబ్లిన్ ప్రదర్శనలో ఇంకో సంగతి ఉంది. అందులో పాడిన సుసానా సిబ్బర్ అనే నటి పేరు అప్పటికే లండన్ కోర్టులో, పత్రికల్లో అల్లరిపాలైంది. ఆమె భర్త ఆమె ప్రియుడిపై వేసిన వ్యభిచార దావా వివరాలు ఊరూరా పాకాయి. ఆమె తలదించుకుని లండన్ విడిచి వచ్చింది. మెస్సయలో, మనుషులచేత తృణీకరించబడినవాని గురించి యెషయా ప్రవక్త చెప్పిన 53వ అధ్యాయపు మాటలు ఆమె పాడవలసి వచ్చింది. అది విన్న డాక్టర్ డెలానీ అనే దైవసేవకుడు ఉండబట్టలేక లేచి, ఈ పాటను బట్టి ఆమె పాపాలన్నీ క్షమించబడుగాక అన్నాడని చెబుతారు. పాట పాడితే పాపం పోదని, ప్రభువు రక్తమే కడుగుతుందని మనకు తెలుసు. అయినా ఆ సేవకుని మాటను తప్పుపట్టబుద్ధి కాదు. ఎందుకంటే ఆ సాయంత్రం ఆ స్త్రీని ఆమె నిందను బట్టి కాక, ఆమె కన్నీటిని బట్టి చూసినవాడు ఆయన. ఆ ప్రదర్శన డబ్బు ఆసుపత్రులకు, అప్పుల వల్ల చెరసాలలో ఉన్నవారి విడుదలకు వెళ్లింది. దాని వల్ల 142 మంది అప్పుల ఖైదీలు బయటికొచ్చారని చరిత్ర.

మళ్లీ వెర్డి దగ్గరికి వద్దాం. ఆయన ఈ ఒపేరా రాసేనాటికి తన సొంత ఊరు బుసెట్టోలో ఒక బాధ అనుభవిస్తున్నాడు. ఆయన మొదటి భార్య, ఇద్దరు పిల్లలు అంతకు చాలా ఏళ్ల క్రితమే చనిపోయారు. తర్వాత జుసెప్పీనా స్ట్రెపోని అనే గాయనితో కలిసి ఉండసాగాడు. పెళ్లి కాలేదు. ఆమె గతం గురించి ఊరంతా గుసగుసలు. వీధిలో పలకరించేవారు లేరు, చర్చికి వెళ్లినా దగ్గరకు రానిచ్చేవారు లేరు. తనను కన్నకొడుకులా చదివించిన మామగారు అంతోనియో బారెజ్జి కూడా మందలిస్తే, 1852 జనవరిలో వెర్డి ఘాటుగా జవాబు రాశాడు. తన ఇంట్లో ఉన్న స్త్రీ గౌరవానికి అర్హురాలని, ఎవరికీ లెక్క చెప్పవలసిన పని లేదని ఆ ఉత్తరం సారాంశం. వాళ్లు 1859లో పెళ్లి చేసుకున్నారు. పెళ్లి లేకుండా కలిసి ఉండటాన్ని వాక్యం ఒప్పుకోదు, మనం కూడా ఒప్పుకోం. కానీ ఒక మాట మాత్రం ఆలోచించాలి. ఊరిలో ప్రతివారికీ పాపమంటే ఏమిటో తెలుసు. ఆ స్త్రీ పక్కన బల్లపై కూర్చోవాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

పరిసయ్యుడైన సీమోను ఇంట్లో జరిగింది ఇదే కదా (లూకా 7:36-50). భోజనపు బల్ల దగ్గర యేసు ఉన్నాడు. పిలవకుండానే ఒక పాపాత్మురాలు వచ్చింది. కన్నీళ్లతో ఆయన పాదాలు తడిపి, తలవెంట్రుకలతో తుడిచి, అత్తరు పూసింది. సీమోను పైకి ఒక్కమాట అనలేదు, లోపల అనుకున్నాడు. ప్రభువు మాత్రం పైకే అడిగాడు, ఈ స్త్రీని చూస్తున్నావా అని. సీమోను చూసింది ఆమె పేరును, ఆమె అల్లరిని. ఆమెను మాత్రం చూడలేదు. ప్రభువు ఆమె పాపాన్ని తక్కువ చేసి చెప్పలేదు, అవి విస్తారమైన పాపాలనే అన్నాడు. అయినా క్షమించి, సమాధానంతో పంపాడు. పాపాన్ని పాపమనడం, పాపిని దగ్గరకు తీసుకోవడం, ఈ రెండూ ఒకే నోట, ఒకే చేత జరగగలవని ఆ విందులో తేలిపోయింది.

చిన్న చర్చిలో, దగ్గరగా కూర్చుని ఈ ఒపేరా వినడంలో ఉన్న ప్రయోజనం ఇదేననిపిస్తుంది. పెద్ద నాటకశాలలో పై అంతస్తునుంచి చూసేవారికి వయొలెట్టా ఒక బొమ్మ. వెనిస్‌లో మొదటి ప్రదర్శన రోజున, క్షయతో చిక్కిపోయిన పాత్రలో పుష్టిగా ఉన్న గాయని కనిపించేసరికి జనం నవ్వారు. ఆ రాత్రి దెబ్బతిన్న ఒపేరా మరుసటి ఏడాది అదే నగరంలోని ఇంకో నాటకశాలలో గెలిచింది. దూరంగా కూర్చుంటే నవ్వొచ్చు. నాలుగు బల్లల అవతల ఒక మనిషి ఊపిరి అందక పాడుతుంటే నవ్వలేం, మొహం తిప్పుకోలేం. పైగా రోమ్‌లోని ఆ చర్చిలో, ఆల్టర్ వైపు తోరణం మీద చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ రూపొందించిన మొజాయిక్ ఉంది. అందులో క్రీస్తు జీవవృక్షం ముందు చేతులు చాపి నిలబడి ఉంటాడు, ఒకవైపు ఆదాము, మరోవైపు హవ్వ. దారితప్పిన మొదటి మనుషులిద్దరూ ఆ చేతుల కిందే ఉన్నారు. కింద పాడేది కూడా దారితప్పిన స్త్రీ కథే. ఆ మొజాయిక్ కింద ఆ కథకు చోటు లేదని ఎలా అనగలం?

అయినా మందిరం వ్యాపారశాల కాకూడదన్న ప్రభువు హెచ్చరికను పక్కన పెట్టలేం. టిక్కెట్టు పెట్టి చర్చి తలుపులు తెరిచినప్పుడల్లా ఆ డబ్బు ఎందుకు, ఆ పాట ఎందుకు అని సంఘపెద్దలు ప్రార్థనతో ఆలోచించుకోవాలి. ఏ కథ పడితే ఆ కథ ఆల్టర్ ముందుకు రావాలని మనం అనడం లేదు. పాపాన్ని అందంగా అలంకరించి అమ్మే కథకు అక్కడ చోటు లేదు. కానీ పాపికోసం ఏడ్పించే కథను బయట నిలబెట్టాలంటే, లూకా సువార్త 7వ అధ్యాయాన్ని కూడా బయటే చదువుకోవలసి వస్తుంది.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, పాటలో వయొలెట్టాను లోపలికి రానివ్వడం సులువు. మనిషిగా వయొలెట్టా వస్తే కష్టం. గాయని పాట ముగించి లేచి నమస్కరిస్తుంది, మనం చప్పట్లు కొట్టి ఇంటికెళ్తాం. నిజమైన వయొలెట్టా లేవదు. ఆమె వచ్చే ఆదివారం కూడా వస్తుంది.

ఈ విషయంలో రోమ్‌లోని ఆ చర్చిని చూసి నేర్చుకోవలసింది ఒకటుంది. పైన ఆరాధన, సంగీతం జరిగే ఆ భవనం నేలమాళిగలో 1980ల నుంచి శరణార్థుల కేంద్రం నడుస్తోంది. యుద్ధాల నుంచి, హింస నుంచి పారిపోయి రోమ్ చేరినవారికి ఉదయపు ఆహారం, బట్టలు, భాష నేర్పే తరగతులు, పగటిపూట కూర్చోవడానికి ఒక చోటు అక్కడ దొరుకుతాయి. ఒకప్పుడు ప్రాకారం బయట నిలబడినవారి వారసులు, ఇప్పుడు బయట నిలబడ్డవారికి లోపల చోటిస్తున్నారు. పైన పాట, కింద రొట్టె. కింద రొట్టె ఉన్నప్పుడు పైనున్న పాటకు అర్థం ఉంటుంది.

మన దగ్గరా ఇలాంటి సాక్ష్యం లేకపోలేదు. వయొలెట్టా ప్రాణం తీసిన క్షయకు ఆ కాలంలో మందు లేదు. ఆ వ్యాధిని కలిగించే క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో కనుగొన్నా, పనిచేసే మందు రావడానికి 1940ల దాకా ఆగాలి. క్షయ వచ్చినవారి పక్కన కూర్చోవడానికి సొంతవారే భయపడే రోజుల్లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వేర్వేరు ప్రొటెస్టెంట్ మిషన్లు కలిసి 1915లో శానిటోరియం తెరిచాయి. సిద్ధాంతాల్లో తేడాలున్న సంఘాలు రోగి మంచం దగ్గర ఒక్కటయ్యాయి. దగ్గే మనిషిని ఊరు బయటికి తోస్తుంటే, ఆ మనిషికోసం మంచం వేసిన తరం మన పెద్దలది.

ఈరోజు మన సంఘాల్లో వయొలెట్టాలు ఎవరు? జోగినిగా మార్చబడి, ఆ ఊబిలోంచి బయటపడి ప్రభువును తెలుసుకున్న అక్క. హెచ్‌ఐవీ ఉందని తెలిసినప్పటినుంచి ఎవరూ గ్లాసు అందుకోని చెల్లి. భర్త విడిచిపెడితే తప్పంతా తన మీదే వేసుకుని బతుకుతున్న తల్లి. ఒకప్పుడు దారితప్పి, ఇప్పుడు తిరిగొచ్చిన మన ఇంటి ఆడపిల్లే కావచ్చు. వీళ్లు ఎక్కడ కూర్చుంటారో మనం ఎప్పుడైనా గమనించామా? చివరి వరుసలో, తలుపు పక్కన. ఆరంభ కీర్తన అయ్యాక వస్తారు, ఆశీర్వాదం కాకముందే లేచిపోతారు. ఆలస్యంగా వచ్చే అలవాటని మనం అనుకుంటాం. పలకరింపు పేరుతో మనం అడిగే ప్రశ్నలకు భయపడి అలా చేస్తున్నారని మనకు తట్టదు. స్త్రీల సమాజంలో వాళ్లకు కీర్తన ఎత్తుకోమని చెప్పేవారుండరు. ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటామంటే వెళ్లేవారు తక్కువ. చివరికి సమాధి తోటలో ఆరడుగుల స్థలం దగ్గర కూడా వాళ్ల గతం చర్చకొస్తుంది.

మనం సీమోనులా ఉన్నామనుకోవడం మనకిష్టం ఉండదు. జెర్మోంట్‌లా ఉన్నామేమో చూసుకుందాం. ఆయన మంచివాడే. కూతురి పెళ్లి, ఇంటి పరువు గురించి ఆలోచించాడు. కఠినంగా మాట్లాడకుండా, బతిమాలుకునే ఒక స్త్రీ బతుకు తీసేశాడు. మనం కూడా అంతే. ఎవరినీ తిట్టం. 'సంఘం ఏమనుకుంటుందో' అంటాం. 'పిల్లల పెళ్లిళ్లు కావాలి కదమ్మా' అంటాం. 'కొన్నాళ్లు ఆగి రామ్మా' అని మెల్లగా చెబుతాం. ఆ మెత్తని మాటకే మనిషి వెళ్లిపోతుంది.

జెర్మోంట్ చివరికి పశ్చాత్తాపపడ్డాడు. కూతురిగా హత్తుకోవడానికే వచ్చాడు. అందులో అబద్ధం లేదు. లోపమంతా వచ్చిన వేళలో ఉంది. అతనికంటే ముందురోజే ఒక దైవసేవకుడు వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. కథలో ఆయన కనిపించడు, ఆయనకు పాట లేదు, పేరు కూడా లేదు. కానీ ఆమె ఆత్మకు నెమ్మది ఆయన ద్వారా దొరికింది. జెర్మోంట్‌కు గొప్ప గొప్ప పాటలున్నాయి, ఆయన మాత్రం వేళకు రాలేదు. ఈ ఇద్దరిలో ఎవరిలా ఉండాలో మనం తేల్చుకోవాలి.

కాబట్టి ఆల్టర్ ముందు ఆ ఒపేరా పాడవచ్చా అన్న ప్రశ్నకు మన జవాబు ఇది. పాడవచ్చు, ఆ కథలోని స్త్రీకి ఆ చర్చిలో చోటుంటే. చోటు లేకపోతే ఒపేరానే కాదు, మన హల్లెలూయా కోరస్ కూడా ఖాళీ శబ్దమే. ప్రేమలేనివాడు మ్రోగే కంచులాంటివాడని పౌలు భక్తుడు కొరింథీయులకు రాసింది (1 కొరింథీ 13:1) మనలాంటి పాటగాళ్లను గురించే.

ఈ ఆదివారం ఆరాధనకు వెళ్లినప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చివరి వరుస చూద్దాం. తలుపు పక్కన ఒంటరిగా కూర్చున్నవారుంటే, మన మామూలు చోటు వదిలి ఆ బల్ల మీదికి వెళ్దాం. గతం గురించి ఏమీ అడగొద్దు. పాటల పుస్తకం తెరిచి మధ్యలో పెట్టి, ఇద్దరం కలిసి పాడుకుందాం.